ఏబది ద్వారములకు ఒక్కటే పాసు

పరదేశములోని మహానగరమును తొలిసారి దర్శింపబోవు యాత్రికుని మనస్సులో ఉత్సాహముతోపాటు ఒక లెక్కయు నడచుచునే యుండును. ఏ మందిరమునకు టికెట్టు ఎంత, దానిని రూపాయలలోనికి మార్చినచో ఎంత యగును, అంత సొమ్ము వెచ్చించి లోపలికి పోయినందుకు తగిన దర్శనము లభించునా, లేక వెలుపలనే నిలిచి ఒక ఫొటో తీసికొని సాగిపోవుట మేలా అను ఈ విచికిత్స, విమానము దిగినది మొదలు తిరిగి ఎక్కువరకు అతనిని వెన్నాడుచుండును. పారిస్ వంటి నగరములో, సీన్ నదికి ఇరుతీరములందు రాజప్రాసాదములును, దేవాలయములును, చిత్రశాలలును కూతవేటు దూరములో ఒకదానిప్రక్క నొకటి నిలిచియున్న చోట, ఈ విచికిత్స మరింత తీవ్రమగును. ప్రతి గుమ్మము కడను ఆగి, సంచి విప్పి, దీనిని దాటుటయా మానుటయా అని తేల్చుకొనవలసిన అవస్థను ఒక్కసారిగా తొలగించు సాధనమొకటి ఆ నగరమున కలదు. దానిపేరు ‘పారిస్ మ్యూజియం పాస్’.

దీని స్వరూపము సరళమైనది. 48 గంటలు, 96 గంటలు, 144 గంటలు అను మూడు గడువులతో ఇది దొరకును. నగరములోను, నగర పరిసరములలోను గల 50కి పైగా మ్యూజియములకును చారిత్రక కట్టడములకును ఇది ప్రవేశపత్రము. మొదటి గుమ్మమున దీనిని స్కాన్ చేసిన క్షణము నుండి గడియారము నడువ నారంభించును; ఆ పిమ్మట మనము నిద్రించినను, భోజనము చేసినను, వానకు తడిసి బసలో కూర్చుండినను అది ఆగదు. బుధవారము ఉదయము 11 గంటలకు 48 గంటల పాసును ప్రారంభించినవాడు శుక్రవారము 11 గంటల లోపల మరియొక ద్వారమును దాటవచ్చును గాని, ఆ తరువాత దాటరాదు. ఒక్కొక్క స్థలమునకు ఒక్క పర్యాయమే ప్రవేశము. వెలుపలికి వచ్చినవాడు మరల లోనికి పోవలెనన్నచో వేరు టికెట్టు కొనవలసినదే.

పాసు కొన్న తరువాతగాని పలువురికి తెలియని సంగతి ఒకటి కలదు: ఐఫెల్ గోపురము ఇందులో చేరలేదు. 1889 నాటి ప్రపంచ ప్రదర్శనకై నిర్మింపబడి, నేడు 330 మీటర్ల యెత్తున నిలిచియున్న ఆ లోహశిఖరమును ఎక్కదలచినవారు ప్రత్యేకముగా టికెట్టు సంపాదించుకొనవలెను. నేలక్రింద అసంఖ్యాకముగా కపాలములను, ఎముకలను పేర్చియుంచిన కాటకోంబ్ సొరంగములును, గార్నియే పేర వెలసిన సంగీత నాటకశాలయు, సీన్ నదిపై పడవ విహారమును దీని పరిధికి వెలుపలివే. మెట్రో రైలు ప్రయాణమునకును ఈ పాసునకును సంబంధము లేదు.

వారముల విషయమై కూడ జాగరూకత కావలెను. ఓర్సే మ్యూజియమునకు, రోదాఁ శిల్పశాలకు, వెర్సాయ్ ప్రాసాదమునకు సోమవారము సెలవు. లూవ్ర్, ఓరాంజరీ, గీమే మ్యూజియములకు మంగళవారము సెలవు. రెండు దినముల పాసును సోమవారమునాడు ప్రారంభించినవాడు తన సొమ్ములో కొంతభాగమును మూసిన తలుపులకు సమర్పించినట్లే. ఈ కారణముచేత బుధవారము ఉదయము ప్రారంభించుట ఉత్తమమని నా అభిప్రాయము. ఆనాడు లూవ్ర్ రాత్రి 9 గంటల వరకును, మరునాడు గురువారము ఓర్సే రాత్రి 9.45 వరకును తెరచియుండును గనుక, పగటివేళ జనసమ్మర్దము తగ్గిన తరువాత నిదానముగా చూచు సౌకర్యము కలుగును. పాసు చేతనున్నంతమాత్రమున చాలదనియు, లూవ్ర్, సాంత్ షపెల్, వెర్సాయ్ మొదలైన చోట్లకు ముందుగానే ఉచితముగా సమయమును నిర్ణయించుకొని రావలెననియు మరువరాదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలకు ఈ స్థలములలో పెక్కింట ప్రవేశము ఉచితమే కాబట్టి, వారి పేర పాసు కొనుట వ్యర్థము. నగర చరిత్రను వివరించు కార్నవాలే మ్యూజియములోని శాశ్వత ప్రదర్శన అందరికిని ఉచితమే. పాత యాత్రాగ్రంథములను నమ్ముకొని పాంపిదూ కేంద్రమునకు పోవువారు, అది సుదీర్ఘమైన మరమ్మతుల నిమిత్తము 2025లో మూతపడిన సంగతిని గమనింతురుగాక.

వెల ఏటేట మారుచుండును. లూవ్ర్ యాజమాన్యము 2026 ఆరంభమున ఐరోపా ఆర్థిక మండలికి వెలుపలి దేశములవారికి టికెట్టును 32 యూరోలకు పెంచినది. అందలి దేశములవారికి అది 22 యూరోలే. ఇది విని మనవారిలో కొందరు నొచ్చుకొనిరి. కాని తాజమహలు ద్వారమున మనము 50 రూపాయలతో లోనికి పోవుచుండగా, విదేశీయుడు 1100 రూపాయలు చెల్లించి మన వెనుక నడచివచ్చుట మనకు ఏనాడును అన్యాయముగా తోచలేదు గదా! ఒక జాతి తన వారసత్వమును తన ప్రజలకు చౌకగా చూపుట దోషము కాదు. కావున వెలను గూర్చి చింతించుట మాని, పాసు కొనుటకు ముందు తాను నిశ్చయముగా చూడదలచిన స్థలముల విడి టికెట్ల వెలను కూడి, పాసు వెలతో పోల్చి చూచుకొనుట వివేకము.

అయినను ఆ కూడికతోనే పాసు విలువ తేలిపోవునని నేను ఒప్పుకొనను. నిజమునకు ఆ కూడికయే యాత్రికునికి శత్రువగుట కలదు. పెట్టిన సొమ్మును రాబట్టుకొనితీరవలెనను పట్టుదల మనస్సులో జొరబడినపిమ్మట, మనుష్యుడు చిత్రములను చూచుట మాని ద్వారములను లెక్కపెట్ట నారంభించును. ఉదయము లూవ్ర్, మధ్యాహ్నము ఓర్సే, సాయంకాలము విజయతోరణము, మరునాడు తెల్లవారకమునుపే వెర్సాయ్ రైలు. విస్తరిలో వడ్డించినదెల్ల తినక లేవరాదని పంతము పట్టినవాడు తుదకు దేని రుచియు ఎరుగనట్లు, ఈ యాత్రికుడు అన్నిటిని ముట్టి దేనిని చూడక తిరిగివచ్చును. పాసు మనకు నిజముగా ప్రసాదించునది వేరు. ఇంతకుముందే చెల్లించితిమి గనుక, ఒక మందిరములో ఒకే ఒక వస్తువును చూచి నిశ్చింతగా వెలుపలికి రావచ్చును. విడిగా టికెట్టు కొని ఏనాటికిని పోని చిన్న మ్యూజియములోనికి సందేహింపక అడుగిడవచ్చును. ఈ రెండు స్వేచ్ఛలే దాని మహోపకారము.

లూవ్ర్ సంగతి చూడుడు. ఫ్రెంచి రాజుల నివాసమైన ఆ ప్రాసాదమును విప్లవ ప్రభుత్వము 1793 ఆగస్టు 10న ప్రజల మ్యూజియముగా తెరచెను. నేడందు ప్రదర్శితములగు వస్తువులు ఇంచుమించు 35,000. ఒక్కొక్కదాని యెదుట ఒక్క నిమిషము నిలిచినను నెలల తరబడి పట్టునట్టి ఆ సంపదను ఒక పూటలో చూచితిమని ఎవరైన చెప్పినచో, అది మాటవరుసకు చెప్పినదనియే గ్రహింపవలెను. జనప్రవాహమంతయు ఒకే దిక్కునకు సాగును. ఆ దిక్కున, ఒక విశాలమైన గదిలో, గాజుపలక వెనుక, 77 సెంటీమీటర్ల యెత్తును 53 సెంటీమీటర్ల వెడల్పును గల మోనాలీసా చిత్రము కలదు. 1911లో దొంగిలింపబడి, 1913లో ఫ్లోరెన్సునందు దొరికిన నాటి నుండి దాని కీర్తి దిగంతములకు వ్యాపించినది. చేతులెత్తి ఫోనులు పట్టుకొనిన వందలాది జనుల తలలపైనుండి దానిని చూచుట ఎట్టిదో చూచినవారికే తెలియును.

కాని ఆ జనమంతయు ఏ చిత్రమునకు వీపు త్రిప్పి నిలిచియున్నారో గమనించువారు మిక్కిలి అరుదు. సరిగా ఎదుటి గోడమీద, దాదాపు 7 మీటర్ల యెత్తున, 10 మీటర్ల వెడల్పున, వెరోనీసె చిత్రించిన ‘కానా వివాహము’ వ్రేలాడుచున్నది. వెనిస్ నగరములోని ఒక మఠపు భోజనశాల కొరకు 1563లో ముగింపబడిన ఈ చిత్రమును 1797లో నెపోలియన్ సైన్యము పెరికి తెచ్చెను. ఏసుక్రీస్తు నీటిని ద్రాక్షాసవముగా మార్చిన కథ ఇది; కాని చిత్రకారుడు ఆ పెండ్లిని పాలస్తీనా పల్లెలో గాక తన కాలపు వెనిస్ వైభవములో నిలిపినాడు. నడుమ సంగీతవిద్వాంసులు కూర్చుండియున్నారు. వారిలో తెల్లని దుస్తులు ధరించి వాద్యము వాయించుచున్నవాడు చిత్రకారుడే యని సంప్రదాయముగా చెప్పుదురు. కుడిప్రక్క క్రిందిభాగమున పసుపుపచ్చని జరీ అంగరకా ధరించిన సేవకుడొకడు పెద్ద రాతికూజాను వంచి, అందుండి జారుచున్న ధారను ఇంకొక పాత్రలోనికి పట్టుచున్నాడు. అద్భుతము జరిగిపోయినది, విందులోని వారిలో పలువురికి ఆ సంగతి తెలియనే తెలియదు. వారి మాటలు, వారి నవ్వులు యథాప్రకారము సాగుచున్నవి. ఆ ఒక్క గదిలో ఒక గంట గడపి, తక్కిన లూవ్ర్‌ను మరియొక జన్మకు వదలి వచ్చినవాడు నా దృష్టిలో ధన్యుడు. అట్లు వదలి వచ్చు ధైర్యము ఒక్క టికెట్టునకు 32 యూరోలు చెల్లించినవానికి కలుగుట కష్టము, పాసు గలవానికి సుకరము.

లూవ్ర్ నుండి నదీతీరము వెంబడి కొంతదూరము నడచినచో నగరపు నడిబొడ్డున, సీన్ నది రెండుగా చీలి చుట్టివచ్చు ద్వీపము మీద, సాంత్ షపెల్ దేవాలయము కలదు. న్యాయస్థాన భవనముల ప్రాంగణములో నుండుటచేత అచ్చట తనిఖీ కఠినముగా నుండును. కత్తెరలు, చాకులు సంచిలో నుంచుకొని పోరాదు. తొమ్మిదవ లూయీ రాజు కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి కడనుండి ఏసుక్రీస్తు శిరస్సున నుంచిన ముండ్లకిరీటమని ప్రసిద్ధి గాంచిన పవిత్రావశేషమును 1,35,000 లీవ్రులకు సంపాదించి, దానిని ప్రతిష్ఠించుటకు ఈ గుడిని కట్టించెను. గుడికి అయిన వ్యయము 40,000 లీవ్రులని చెప్పుదురు. అనగా కోవెల కంటె కోవెలలోని వస్తువునకు మూడు రెట్లకు మించి వెచ్చించినాడన్నమాట. 1248లో ప్రతిష్ఠ జరిగినది.

లోనికి పోయినవాడు మొదట క్రింది మందిరమును చూచును. కప్పు తక్కువ యెత్తున, నీలివర్ణము మీద బంగారు కలువరేకులవంటి రాజచిహ్నములతో, కొంత చీకటిగా నుండును. కొందరు ఇంతేనా యని నిరుత్సాహపడుదురు. ఒక మూలనున్న ఇరుకైన రాతిమెట్ల మీద, గోడను చేతితో తడవుకొనుచు, సుడులు తిరిగిపోవు ఆ దారిని ఎక్కి పైకి చేరినవాని కన్నులకు, గోడలు కనిపింపవు. ఉన్నదంతయు రంగుటద్దమే. ఒక్కొక్కటి 15 మీటర్ల యెత్తు గల 15 గవాక్షములు, వానియందు సృష్ట్యాది నుండి మొదలిడి ఆ కిరీటము పారిస్ చేరిన వృత్తాంతము వరకు 1,113 దృశ్యములు. గాజులో మూడింట రెండు వంతులు పదమూడవ శతాబ్దినాటిదే. పెక్కు కిటికీలలోని కథను క్రిందినుండి పైకి చదువుకొనుచు పోవలెను. అక్షరము రాని ప్రజలకు ఇది గ్రంథమని కొందరందురు గాని, ఇది రాజు తన యిల్లువలె వాడుకొనిన ఆలయమగుటచేత సామాన్యుని కంటికి ఆనాడు ఇది దొరకియుండునని నేను నమ్మజాలను. ఎండకాచు వేళ నీలము, అరుణము కలసిన కాంతి నేలమీదను, నిలిచినవారి బట్టలమీదను పడి మెల్లగా జరుగుచుండును. మేఘము కమ్మినచో అది మాయమగును. కనుక సమయమును ముందుగా నిర్ణయించుకొనువారు ఉదయపు ఎండనో, తీరుబడిగా వాలు మధ్యాహ్నపు ఎండనో కోరుకొనుట మంచిది.

ఓరాంజరీ మ్యూజియమును గూర్చి రెండు మాటలు చెప్పక ముందునకు సాగలేను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన మరునాడు, 1918 నవంబరు 12న, క్లోద్ మోనే తన మిత్రుడును నాటి ప్రధానియు నైన క్లెమాన్సోకు లేఖ వ్రాసి, విజయమునకు కానుకగా తన చిత్రములను దేశమునకు సమర్పింపదలచితినని తెలిపెను. ఆ సంకల్పము పెరిగి పెరిగి తుదకు రెండు అండాకారపు గదులను నింపు 8 మహాచిత్రములైనది. కన్నులలో శుక్లములు కమ్మి, 1923లో శస్త్రచికిత్స చేయించుకొని, వర్ణములు తారుమారై కనిపించుచున్న దశలోను ఆ వృద్ధుడు కుంచె విడువలేదు. 1926 డిసెంబరులో ఆయన మరణించెను. 1927 మే నెలలో ఆ గదులు తెరువబడెను. తన కొలనులోని కలువలను, నీటిలో ప్రతిఫలించు ఆకాశమును, విల్లోచెట్ల నీడలను ఇంచుమించు నూరు మీటర్ల పొడవున ఆయన వ్రాసినాడు. ఒడ్డు ఎచ్చటను కనిపింపదు. నడుమనున్న బల్లమీద కూర్చుండి, మాటాడక చూచుటయే అచ్చటి విధి.

ఓర్సే మ్యూజియము 1900లో రైలుస్టేషనుగా పుట్టి, రైళ్లు పొడవై ప్లాట్‌ఫారములు చాలక వెనుకబడి, 1986లో చిత్రశాలగా పునర్జన్మ నందినది. మోనే, రెన్వార్, వాన్ గో అభిమానులకు అది చాలును. విజయతోరణము మీదికి 284 మెట్లు. మోకాళ్ల నొప్పులు గలవారు ముందుగా ఆలోచించుకొందురుగాక. వెర్సాయ్ మాత్రము 48 గంటల పాసుతో పోదగిన చోటు కాదు. నగరమునకు 20 కిలోమీటర్ల దూరమున నున్న ఆ ప్రాసాదము, 73 మీటర్ల పొడవున 357 అద్దములతో మెరయు దర్పణశాలయు, తోటలును కలసి ఒక దినమునంతను మ్రింగివేయును. ఫౌంటెన్లు ఆడు దినములలో తోటకు వేరు టికెట్టు కూడ పెట్టవలెను. నాలుగు దినముల పాసు గలవారు పోవుదురుగాక.

ఇక గీమే. తెలుగు యాత్రికుడు పాసు కొనుటకు ఈ ఒక్క కారణమే చాలునని నేననుకొందును. లియాఁ నగరమునకు చెందిన ఎమిల్ గీమే అను పారిశ్రామికుడు, కృత్రిమముగా నీలవర్ణమును తయారుచేయు విధానమును కనుగొనిన శాస్త్రజ్ఞుని కుమారుడు, 1876లో బయలుదేరి జపాను, చైనా, భారతదేశములను దర్శించి, ప్రాచ్యమతములను అధ్యయనము చేయుటకు ఒక మ్యూజియమును స్థాపించెను. అది 1889లో పారిస్ చేరినది. ఆంగ్‌కోర్ నుండి వచ్చిన ఖ్మేర్ విగ్రహములకు అది ఐరోపాలో సుప్రసిద్ధము. కన్నులు మూసి చిరునవ్వు నవ్వు ఏడవ జయవర్మ శిరస్సు అచ్చటనే యున్నది. కాని యూరపు ప్యాకేజీ టూరులో రెండు రాత్రులు పారిస్‌లో గడపు మనవారి కార్యక్రమములో ఐఫెల్ గోపురమును, సెంట్ల అంగడియు నుండును గాని, గీమే పేరు కనిపింపదు.

అచ్చటి భారతీయ శిల్పములలో, పల్నాటి సున్నపురాతిమీద చెక్కిన అమరావతీ శైలి ఫలకములు కలవు. క్రీస్తు శకము 2వ శతాబ్దికి చెందిన వానిలో ఒకటి మారుని దండయాత్రను చూపును. నడుమ బోధివృక్షము; దానిక్రింద ఆసనము. ఆసనము శూన్యము. చుట్టును మారుని పరివారము మూగియున్నది. ఎవరిని చలింపజేయుటకు వారు వచ్చిరో అతని రూపము శిల్పములో లేదు. తథాగతుని మానవరూపమున చూపుటకు మనసొప్పని ఆ శిల్పి, ఖాళీపీఠముతోనే ఆయన నిశ్చలతను చెప్పగలిగినాడు. రాయి పాలతెలుపునకు కొంచెము ఆకుపచ్చ కలిసిన వన్నెది. కృష్ణాతీరమున పుట్టి పెరిగినవాడు ఆ వన్నెను చూచినవెంటనే గుర్తుపట్టును.

అమరావతీ స్తూపపు కథ మనకు తెలిసినదే. పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అచ్చట పట్టణము కట్టించునప్పుడు దిబ్బను త్రవ్వి రాళ్లు తీసిరి. కాలిన్ మెకంజీ వచ్చి చూచి బొమ్మలు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిలలు మద్రాసు చేరి, అందు పెక్కు 1859లో లండనునకు ఓడనెక్కెను. నేడు స్తూపము బ్రిటిష్ మ్యూజియములోను, చెన్నై ఎగ్మూరు మ్యూజియములోను, అమరావతిలోను, ఇంకను పలుచోట్లను ముక్కలు ముక్కలుగా నున్నది. వెనిస్ మఠము నుండి వెరోనీసె చిత్రమును తెచ్చిన చేతులకును, మన శిలలను తరలించిన చేతులకును భేదము స్వల్పమే. అవి తిరిగి రావలెనని కోరువారి కోరికలో ధర్మము కలదు. నేనును ఆ కోరిక గలవాడనే. కాని వచ్చులోపల అవి పరాయి గదిలో పలకరించు మనవాడు లేక నిలిచియుండుట మాత్రము మన చేతిలోని లోపము.

మెట్రో తొమ్మిదవ లైనులో ఇయేనా స్టేషను దిగినచో గీమే ఎదుటనే యున్నది. ఉదయము 10 నుండి సాయంకాలము 6 వరకు తెరచియుండును, మంగళవారము సెలవు. పాసు గలవారికి వేరు రుసుము లేదు. పారిస్ పోవు తెలుగువారందరును, లూవ్ర్‌లో ఒక గంట తగ్గించుకొనియైనను, ఆ శూన్యాసనము ఎదుట కొంతసేపు నిలిచి రావలసినదని నా మనవి.